ఒకే పంక్తి

మేము పనిచేయు ఉన్నతపాఠశాలలో మధ్యాహ్నభోజనపు లెక్కల పుస్తక మొకటి కలదు. దానిలో ప్రతిదినమును సంతకము చేయుట కొన్ని సంవత్సరములుగా మా వంతునకు వచ్చినది. ఆఱవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతివఱకు చదువు ప్రతిబాలునకును బియ్యము 150 గ్రాములు, పప్పు 30 గ్రాములు, కూరగాయలు 75 గ్రాములు. వీనినుండి 700 కెలోరీల శక్తియు 20 గ్రాముల మాంసకృత్తులును చేకూరవలెను. చిన్నతరగతులవారికి బియ్యము 100, పప్పు 20, కూర 50. ఈ యంకెలు మాకు వ్యాకరణసూత్రములవలె కంఠస్థములు. నిద్రలో లేపి యడిగినను తడబడక చెప్పగలము. 2024లో మా రాష్ట్రమున నీ భోజనమునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టినప్పుడు, గోదావరీతీరమున ఆకలిగొని వచ్చినవారికి వేళ యనక అన్నము పెట్టిన యా తల్లినిగూర్చి పిల్లలకు ఉపన్యసించినదియు మేమే.

అట్టి మేము ఆ సంవత్సరమే కార్తికమాసమున నొక వైద్యురాలి యెదుట నోరు మెదపలేక నిలువవలసి వచ్చినది.

మా తల్లిగారు పెరటిమెట్టు దిగుచు కాలు తడబడి పడిపోయిరి. పడినది జానెడెత్తునుండియే, అయినను మణికట్టుకడ ఎముక విఱిగెను. పట్టణమునకు గొనిపోయితిమి. వైద్యురాలు ఎముకను సరిచేసి కట్టు కట్టిన పిమ్మట మా తల్లిగారిని తూచు యంత్రముపై నిలువబెట్టించిరి. బరువు 37 కిలోలు. ఎత్తు 148 సెంటీమీటర్లు. బరువును ఎత్తు వర్గముచే భాగించి, కనీసము 18.5 ఉండవలసినచోట ఈమెకు 17 అయినను లేదని చెప్పి, “ఈమె దినమునకు ఏమేమి తినుచున్నారు?” అని మమ్మడిగిరి.

మేము మా యిల్లాలి ముఖము చూచితిమి. ఆమె మా ముఖము చూచెను. వైద్యురాలు కలము పట్టుకొని వేచియుండిరి. అప్పుడు ఆఱవ తరగతి చదువుచున్న మా కుమార్తె, “అవ్వ పొద్దున కాఫీ తాగుతాది. మధ్యాహ్నం మజ్జిగన్నం తింటాది. పప్పన్నం నాకు కలిపి పెడతాది. రాత్రికి ఏమీ తినదు” అని చెప్పెను. రెండువందల మంది బాలుర కంచములలోని పప్పు గ్రాములలో నెఱిగిన మాకు, మమ్ము గన్నతల్లి కంచములో పప్పే లేదని పదునొకండేండ్ల పిల్ల చెప్పగా తెలిసినది.

ఇంటికి వచ్చి పాతకాగితములు వెదకితిమి. మా తండ్రిగారు గతించిన 2016వ సంవత్సరమున మా తల్లిగారి కంటిశుక్లమునకు శస్త్రము చేయించినప్పటి చీటీ దొరకినది. అందు ఆమె బరువు 46 కిలోలని వ్రాసియున్నది. ఎనిమిదేండ్లలో తొమ్మిది కిలోలు! అంగడివాడు తొమ్మిది కిలోల బియ్యము తక్కువ తూచియుండిన వీధి యదరునట్లు రచ్చ చేసియుందుము. కన్నులయెదుట తల్లి తొమ్మిది కిలోలు తఱిగిపోగా ఎవ్వరమును మాటాడలేదు. రెండేండ్లకు ముందు ఆమె నీరసమని చెప్పినప్పుడు ఒక వైద్యునికి చూపితిమి. ఆయన “వయస్సుకదా” యని బలమునకొక సీసా వ్రాసియిచ్చిరి. మేమును సంతోషముగా ఇల్లు చేరితిమి. వయస్సు అనుమాట యెంత సౌఖ్యమైనది! అది వైద్యుని ఆలోచననుండియు, కొడుకును అపరాధమునుండియు ఒక్కమాటున విడిపించును.

ఇది మా యింటి యిల్లాలి దోషమని చదువరులు తలపరాదు. ఆమె వడ్డింపబోయిన ప్రతిసారియు మా తల్లిగారు, “ముసలిదానికేం నాయనా, పెరిగే బిడ్డలు తినల్ల గానీ” యని గిన్నెను ప్రక్కకు త్రోయుదురు. అందఱును తినిన తరువాతనే కూర్చుందురు. పండ్లు రాలిపోయినవి గాన రొట్టె విడిచిరి. భర్త పోయినది మొదలు రాత్రిభోజనము విడిచిరి. ఏకాదశులు, సోమవారములు, శనివారములు ఉండనే యున్నవి. ఇన్ని విడుపులును భక్తి యనుకొని మేము గౌరవించితిమి. బంధువులు “ఆమె యెంత నిష్ఠాపరురాలో!” యని మెచ్చుకొనుచుండగా గర్వించితిమి గూడ.

మన తాతల కాలమునుండి సంస్కర్తలు స్త్రీలకై పోరాడి కొన్ని గెలిచిరి. వితంతువు శిరోముండనము పోయినది. పునర్వివాహమును తప్పనువారు తగ్గిరి. కాని భర్త పోయిన మఱునాడు ఆడుదాని కంచము చిన్నదగుట మాత్రము పోలేదు. దానిని విధించు శాసన మెక్కడను లేదు. కావున దానిని రద్దుచేయుటకు శాసనసభయు పనికిరాదు. అది ఆమెయే తనకు విధించుకొన్న శిక్ష. మనము చూచియు చూడనట్లు సమ్మతించిన శిక్ష. పురుషుడును దీనికి పూర్తిగా వెలుపలివాడు కాడు. పని మానిన ముసలివాడు సంపాదనలేనివానికి రెండవమాఱు వడ్డించుకొను హక్కు లేదని తనంతట తానే చేయి కడిగికొనును. మన యిండ్లలో కంచము ఆకలిని బట్టి గాక యుపయోగమును బట్టి నిండుచున్నది.

మేము సంస్కృతము చదివినవారము గాన ఈ యాచారమునకు శాస్త్రము తోడున్నదేమో చూతమని పుస్తకములు దించితిమి. చూచినకొలది సిగ్గు హెచ్చినది. యాజ్ఞవల్క్యస్మృతిలో గృహస్థధర్మములు చెప్పుచోట, ఇంట ముందుగా భోజనము పెట్టవలసినవారి పట్టిక యొకటి కలదు. అందు బాలురు, పుట్టింటనున్న ఆడుబిడ్డలు, వృద్ధులు, గర్భిణులు, రోగులు, కన్యలు, ఆపై అతిథులు, సేవకులు వరుసగా చెప్పబడిరి. వీరందఱును తినిన తరువాత మిగిలినది దంపతులు తినవలెను. అనగా మేమును మా యిల్లాలును కడపట తినవలసినవారము. మా తల్లిగారు మొదటి పంక్తివారు. ఈ భాగమును మేము విద్యార్థిదశలో చదివి పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొన్నవారమే!

బాలుని, గర్భిణిని, వృద్ధుని స్మృతికర్త యొక్క పంక్తిని గూర్చుండబెట్టుట కేవలము దయచేత నని యిన్నాళ్ళు తలచియుంటిమి. ఈ యేడాదిగా ఆహారశాస్త్రమును ముసలితనమునుగూర్చి దొరకినంత చదివినమీదట, వారి మువ్వురికిని దయకంటె గట్టి సంబంధ మొకటి యున్నదని తోచుచున్నది. గర్భిణి తినిన యన్నమే శిశువు. శిశువు తినిన యన్నమే నాలుగుపదులు దాటిన పిమ్మట రక్తనాళము, ఎముక, కండ. ముసలితనము ముసలితనమున మొదలుకాదు.

ఈ సంగతి మొదట బయటపడినది మావంటివారు వ్రాయు లెక్కల పుస్తకములనుండియే యని తెలిసి మిగుల సంతోషించితిమి. ఇంగ్లండులోని హెర్ట్‌ఫర్డ్‌షైర్ అను మండలమున, 1911 మొదలు ఎథెల్ మార్గరెట్ బర్న్‌సైడ్ అను ఆరోగ్యోద్యోగిని పూనికచే, పుట్టిన శిశువుల బరువును, ఏడాది నిండిననాటి బరువును పుస్తకముల కెక్కించుచు వచ్చిరి. ఎన్నియో యేండ్ల తరువాత డేవిడ్ బార్కర్ అను పండితుడును ఆయన సహచరులును ఆ పుస్తకములు వెదకి పట్టి, అందలి ఐదువేలకు పైగా పురుషులు ఏమైరో విచారించి, 1989లో ప్రకటించిరి. ఏడాది నిండునాటికి మిక్కిలి తక్కువ బరువుండినవారే పెద్దవారై గుండెజబ్బుచే నెక్కువగా మరణించిరి. ఉయ్యెలలోని యంకె యఱువదియేండ్లకు ఫలించినది!

అది సంపన్నదేశము. మావంటి దేశముల మాట యేమని యడుగవచ్చును. పుణె నగరమునకు సమీపమున ఆఱు గ్రామములలో చిత్తరంజన్ యాజ్ఞిక్ అను వైద్యుడును ఆయన తోడివారును 1993లో గర్భిణుల భోజనమును పరిశీలింప మొదలిడిరి. ఆ గ్రామములలో పుట్టిన బిడ్డల సగటు బరువు సుమారు 2.7 కిలోలు, ఇంగ్లండు బిడ్డలకు సుమారు 3.5. ఇంతమాత్రమే యైన చిన్నబిడ్డలని యూరకుందుము. కాని కొలిచి చూడగా మన బిడ్డలకు తక్కువైనది కండ. క్రొవ్వు అంతగా తగ్గలేదు. చూపునకు సన్నము, లోపల క్రొవ్వు. బక్కపలుచని మనవారికి పడమటివారికంటె పిన్నవయస్సుననే మధుమేహము వచ్చుటకు మూల మిచ్చట నున్నదని వారి యూహ. ఇంకొక విశేషము: ఆ తల్లులు తినిన మొత్తపు కెలోరీలకంటె, ఆకుకూరలు, పాలు, పండ్లు తఱచుగా తినుటకును బిడ్డ పరిమాణమునకును ఎక్కువ సంబంధము కనబడినది. కడుపు నిండుట వేఱు, ఒడలు నిండుట వేఱు.

మూడవ ఉదాహరణము మన తెలుగుగడ్డమీదిది. 1987 మొదలు 1990 వఱకు హైదరాబాదు సమీపమున 29 గ్రామములలో నొక పరిశీలన జరిగినది. అందు 15 గ్రామములలో అంగన్‌వాడీలు ఏర్పడి, మొక్కజొన్న సోయాచిక్కుడు కలిపిన పిండితో ఉప్మా వండి గర్భిణులకును ఆఱేండ్లలోపు పిల్లలకును పెట్టుచుండిరి. తక్కిన 14 గ్రామములకు ఆ పథకము అప్పటి కింకను చేరలేదు. ఆ పిల్లలు పదుమూడు మొదలు పదునెనిమిదేండ్లవారైన తరువాత పండితులు మరల పోయి కొలిచిరి. ఉప్మా తినిన గ్రామములవారు 14 మిల్లీమీటర్లు పొడుగు, వారి ఒడలు ఇన్సులినును త్రోసిపుచ్చు గుణము సుమారు నూటికి ఇరువదివంతులు తక్కువ, రక్తనాళములు మెత్తన. ఆ గ్రామములు చీట్లు వేసి పంచినవి కావు గాన ఫలితమును కొంత జాగ్రత్తతోనే గ్రహింపవలెను. అయినను, అంగన్‌వాడీ ముంగిట నాకులో పెట్టిన గరిటెడు ఉప్మా పదునైదేండ్ల తరువాత రక్తనాళములలో కనబడుట సామాన్యమైన సంగతియా? 2008లో ప్రకటింపబడిన యీ ఫలితమును మేము చదివిననాటినుండి మధ్యాహ్నభోజనపు పుస్తకములో మా సంతకము కొంచెము గుండ్రముగా పడుచున్నది.

ఇంతవఱకు చదివి మా తల్లిగారివైపు చూచితిమి. ఆమె రాయలసీమ బిడ్డ. వానలు మొగముచాటుచేసి మా సీమ యెండిపోగా గంజికేంద్రములు పెట్టి ప్రజలను బ్రదికించిన 1952వ సంవత్సరమున ఆమె తల్లి గర్భములో నుండిరి. దానిని మా సీమవారు గంజికరువందురు. మా యమ్మమ్మ నిండుచూలాలై గిన్నె పట్టుకొని వరుసలో నిలువగా, తెచ్చిన గంజిలో నడుగున చిక్కగానున్నది పెద్దబిడ్డలకు పోసి, తేటనీరు తాను త్రాగెడిదట. “నేను గంజినీళ్ళకు పుట్టిన దాన్ని నాయనా, నాకు ఆకలేం కొత్త?” యని మా తల్లిగారు నవ్వుచు చెప్పుదురు. ఆ మాటను చిన్ననాటినుండి కథగా వింటిమి. ఇప్పుడు వినగా రోగచరిత్రవలె వినబడుచున్నది. మణికట్టులో విఱిగిన యెముకకు ఆ గంజిగిన్నెతో ఎంత పొత్తున్నదో ఏ వైద్యుడును తూచి చెప్పలేడు. కాని అమ్మమ్మ తేటనీరు త్రాగుటయు, అమ్మ పప్పు మనుమరాలికి కలిపిపెట్టుటయు ఒక్క చేయి చేసిన పనులే. ప్రేమ యను పేరిట మన స్త్రీలు తరతరముగా ఆకలిని ఆస్తివలె పంచియిచ్చుచున్నారు.

ఇక వృద్ధులు లెక్కలోనికి రాకపోవుట. కుటుంబముల యారోగ్యమును విచారించుటకు జాతీయ కుటుంబారోగ్యసర్వే 1992–93 నుండి విడతలు విడతలుగా జరుగుచున్నది. 2019–21లో జరిగిన యయిదవ విడతలో ఎత్తు బరువులు కొలుచుట స్త్రీలకు 49వ యేటను, పురుషులకు 54వ యేటను ఆగిపోయినది. ప్రసవములనుగూర్చియు శిశువులనుగూర్చియు తెలిసికొనుటకై పుట్టిన సర్వే గాన దానిని తప్పుపట్టము. కాని ఫలితమేమి? ఇల్లిల్లు తిరుగుచు వచ్చిన కొలబద్ద కోడలిని కొలిచి, మనుమని తూచి, అరుగుమీద కూర్చున్న అవ్వ ప్రక్కగా పోయినది. 2011 జనాభా లెక్కలలో నఱువది దాటినవారు పదికోట్లకు పైబడి యుండిరి.

ఈ లోపమును తీర్చుటకు 2017–18లో వృద్ధాప్యమునుగూర్చి దేశవ్యాప్తమైన యొక దీర్ఘపరిశీలన మొదలైనది. ముంబయిలోని జనాభాశాస్త్రసంస్థవారు తోడివారితో గూడి నలువదియైదేండ్లు నిండిన డెబ్బదిరెండువేలకు పైగా జనులను విచారించిరి. బరువు, ఎత్తు, పిడికిలిపట్టు బలము గూడ కొలిచిరి. అఱువది దాటినవారిలో నాలుగింట నొకరికి మించి తగిన బరువు లేనివారు. ఐదింట నొకరికి మించి అధికమైన బరువు గలవారు. పేదదేశము ముసలిదగుట యిట్లుండును! ఒకే వీధిలో నొక యింట ఆకలి, ఒక యింట అజీర్తి; ఒక్కొక్కప్పుడు రెండును ఒకే యొంట. సంపన్నదేశములు మొదట ధనము గడించి పిమ్మట ముసలివైనవి. మనదేశము ధనము చేతికి రాకమునుపే ముసలిదగుచున్నది.

అజీర్తియు ఆకలియు ఒకే యొంట నుండుట యెట్లని యడుగుదురేమో. అన్నమే యన్నము అగుటచేత. ఈ పాఠము తెలుగువారికి క్రొత్తది కాదు. ఉత్తరసర్కారులలో మరలో తెల్లగా దంచిన పచ్చిబియ్యము తినువారికి బెరిబెరి వ్యాధి వచ్చుచుండెడిది. ఉప్పుడుబియ్యము తిను దక్షిణాది మండలములలో అది యరుదు. తవుడుతోబాటు ఒక విటమినును పారబోయుటయే కారణము. ఆ బెరిబెరిని విచారించుటకే 1918లో కూనూరున రాబర్ట్ మెకారిసన్ అను వైద్యుడు ఒక చిన్నగదిలో ప్రారంభించిన ప్రయత్నము పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదునకు వచ్చి, 1969నుండి జాతీయ పోషకాహారసంస్థ యను పేర వెలయుచున్నది. ఆ మెకారిసన్ ఎలుకలకు మనదేశపు వివిధప్రాంతముల భోజనములు పెట్టి పెంచగా, రొట్టె, పాలు, పప్పు, పచ్చికూరలు తినిన పంజాబు సిక్కుల భోజనపు టెలుకలు బలిసినవి. తెల్లబియ్యపు మదరాసు భోజనపు టెలుకలు అన్నిటికంటె చిక్కినవి.

మా సీమ యప్పట్లో తెల్లబియ్యపు సీమ కాదు. జొన్నరొట్టె, రాగిసంగటి, కొఱ్ఱన్నము మా తాతల తిండి. వరియన్నము పండుగనాటి వంటకము. 1983లో కిలో రెండురూపాయలకు బియ్యము పంచు పథకము వచ్చినది. అది యెన్ని పొయ్యిలు వెలిగించెనో, ఎన్ని గంజికరువుల నాపెనో యెఱిగినవారము గాన దానిని మేము నిందింపము. కాని బియ్యము వచ్చిన దారినే కొఱ్ఱలు, జొన్నలు వెళ్ళిపోయినవి. బియ్యముతోబాటు పప్పు అంత చౌకగా రాలేదు. 2000లో పింఛనుగూడ దొరకని వృద్ధులకు అన్నపూర్ణ యను కేంద్రపథకము పెట్టినప్పుడును నెలకు పదికిలోల ధాన్యమే యిచ్చిరి గాని పప్పు తలచుకొనలేదు. 2024నుండి మా రాష్ట్రమున వృద్ధుల పింఛను నెలకు నాలుగువేల రూపాయలైనది. ఆ ధనము అవ్వచేతిలో పడును. ఆమె కంచములో పడునా యని యెవ్వరును విచారింపరు. మా వీధిలో పింఛను వచ్చిన దినమున మనుమలకు మిఠాయి తెచ్చు ముసలివారిని చాలమందిని ఎఱుగుదుము. తమకు గ్లాసెడు పాలు కొనుక్కొనువారిని మాత్రము మిక్కిలి కొలదిగా నెఱుగుదుము.

ఇచ్చట చదువుకొన్న మిత్రుడొకడు మమ్మాక్షేపించెను. “తక్కువ తినిన ఎక్కువకాలము బ్రదుకుదురని శాస్త్రజ్ఞులే చెప్పుచున్నారుకదా! మీ తల్లిగారి యేకభుక్తము మంచిదే” యని యతని వాదము. అది సగము సత్యము. సగము సత్యము పూర్తి యసత్యముకంటె ప్రమాదకరము. 1935లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున క్లైవ్ మెకే అనునతడు ఎలుకల మేత తగ్గించి పెంచగా అవి యెక్కువకాలము బ్రదికినమాట నిజము. కాని అతడు తగ్గించినది కెలోరీలను. విటమినులును ఖనిజములును లోటు లేకుండ నిచ్చినాడు. మన అవ్వ చేయునది దానికి సరిగా తలక్రిందు. ఆమె విడిచినది పప్పు, కూర, పాలు. విడువనిది తెల్లన్నము, ఊరగాయ, చక్కెరకాఫీ. నిండుకంచము నుండి తీసివేయుట పథ్యము. వట్టి కంచమునుండి తీసివేయుట పస్తు. రెంటికిని ఒకే పేరు పెట్టరాదు.

పైగా ముసలియొడలు మాంసకృత్తులను యౌవనమునందువలె వాడుకొనలేదు, కూర్చున్నకొలది కండ కరగును, కండ కరగినవాడు కాలు తడబడి పడును, పడినవాడు మంచమెక్కును, మంచమెక్కినవాని కండ మఱింత కరగును. మన జాతీయప్రమాణము పెద్దలకు కిలో బరువునకు దినమునకు 0.83 గ్రాముల మాంసకృత్తులు. వృద్ధులకు 1 మొదలు 1.2 గ్రాములవఱకు కావలెనని 2013లో వివిధదేశముల నిపుణులు గూడి చెప్పిరి. మూత్రపిండముల జబ్బు ముదిరినవారు మాత్రము వైద్యు నడుగక పెంచుకొనరాదనియు హెచ్చరించిరి. మా తల్లిగారికి పూర్వపు బరువును బట్టి లెక్కింపగా దినమునకు 46 గ్రాములైన కావలెను. పోయిన యేండ్లలో ఆమె తినినది మా లెక్కకు ఇరువదియైన దాటలేదు. మా పాఠశాలలో ఆఱవ తరగతి బాలుడు ఒక్కపూట తినునంత!

తెలిసిన తరువాత చేసినదేమి? గొప్పది యేమియు లేదు. పండ్లు లేవు గాన పండ్లతో పని లేనివే యేర్పఱచితిమి. ఉదయము రాగిజావ పాలతో. మధ్యాహ్నము మెత్తని సంగటియు మునగాకు వేసిన ముద్దపప్పును. సాయంకాలము మా సీమలో చెనిక్కాయలని పిలుచు వేరుశనగలు వేయించి దంచిన పొడి బెల్లముతో. రాత్రికి పెసరకట్టును పెరుగన్నమును. రాత్రిభోజనమునకు ఆమె యొప్పుకొనలేదు. ఎంత చెప్పినను వినలేదు. తుదకు స్మృతిపుస్తకము తెచ్చి యెదుట పెట్టి, “అమ్మా, నీవు తినక మేము తినిన మాకు దోషమట” యని యర్థము చెప్పితిమి. ఆమె కొంతసేపు ఊరకుండి, “ఈ మాట మీ నాయన ఉన్నప్పుడే సదివింటే బాగుండు కదా” యనిరి. మాకు మాట రాలేదు.

నెలకొకసారి తూచుచున్నాము. ఏడాదికి నాలుగు కిలోలు పెరిగిరి. పోయిన తొమ్మిదియు తిరిగిరాలేదు, అన్నియు రావేమో. చేయి మునుపటివలె తిరుగదు. కాని గోడపట్టు లేక పెరటిమెట్టు దిగుచున్నారు. ఆకలియగుచున్నదని ఒకనాడు తామే యడిగిరి. ఆ మాట ఆమె నోట మేము వినుట మా యెఱుకలో నదియే మొదటిమాఱు.

చదువరులారా! మేము పెద్దపథకములు చెప్పగలవారము కాము. చేయదగిన పని యొకటి మాత్రము చెప్పెదము. 1975లో ప్రారంభమైన అంగన్‌వాడీలలో శిశువులను గర్భిణులను తూచుటకు యంత్రము లున్నవి. శిశువు నెత్తుకొని యా గుమ్మమునకు వచ్చునది తఱచు నాయనమ్మయో, అమ్మమ్మయో. బిడ్డను తూచి దింపిన పిమ్మట ఆమెనుగూడ యంత్రమెక్కించి పుస్తకములో నొక గడి పెంచుటకు ఎంత వ్యయమగును? ఒక గీత, ఒక యంకె. ఆ యంకె మూడునెలలు వరుసగా తఱిగినచో, “ఈమె యేమి తినుచున్నది?” యని ఇంటివారి నడుగుడు. మాకు ఎనిమిదేండ్లు ఆలస్యముగా ఎదురైన ప్రశ్న తక్కినవారికి సకాలమున నెదురగును. బర్న్‌సైడ్ పుస్తకములు వ్రాసినప్పుడు వానివలన నేమి తెలియునో ఆమెకు తెలియదు. లెక్క వ్రాసిపెట్టుట మన పని. దానిని చదువువారు తరువాత పుట్టుదురు.

అంతవఱకు ఆగనక్కఱలేని పని యింట నున్నది. ఈ రాత్రి భోజనమునకు కూర్చుండునప్పుడు మీ యింటి ముసలివారి కంచములోనికి ఒకసారి తొంగిచూడుడు. తిన్నారా యని యడుగవలదు, తిన్నామనియే చెప్పుదురు. చూడుడు.

మా యింట నిప్పుడు నాలుగు కంచములును ఒకే పంక్తిని పడుచున్నవి. మొదటి వడ్డన అవ్వకును మనుమరాలికిని. అవ్వ యిప్పటికిని కన్నుగప్పి తన కంచములోని పప్పుముద్ద నొకదానిని ప్రక్క కంచములో వేయుచునే యున్నారు. మా కుమార్తె దానిని తీసి మరల ఆమె కంచములోనే పెట్టుచున్నది.